రెండు ముక్కల ఊపిరి

పెదవులు రెండూ బిగించే ఉన్నాయి, గొంతులో చిన్న కదలిక కూడా లేదు, అయినా చెవిలో తన గొంతే పాడుతోంది; అదీ తను ఈ జన్మలో ఎన్నడూ పాడని పాట. చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. వేళ్ళ కింద నరం కొట్టుకోవడం తప్ప ఇంకేమీ లేదు. ఎదురుగా అద్దం, అద్దం చుట్టూ బల్బులు, బల్బుల మధ్య నోరు మూసుకున్న తన మొహం. ఆ మొహం పాడటం లేదు, పాట మాత్రం ఆగటం లేదు. స్టేజీ మీద వాయిద్యాల హోరులో పాడేవాళ్ళకి తమ గొంతు తమకు వినపడాలని చెవిలో ఒక బుల్లి స్పీకరు పెడతారు. అది సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని ఇప్పుడే దూర్చుకుంది. బయట ఎవరో లైన్లు సరిచూసుకుంటూ, తెరవకూడనిదేదో పొరపాటున తెరిచినట్టున్నారు. ‘నే లేని గదిలో నా నీడ కూచుంది, తలుపెవరు తీస్తారో చూస్తూనే ఉంది.’ మాటలు కొత్తవి, బాణీ కొత్తది, కానీ ‘నీడ’ అన్నచోట కాస్త వంగి, వంగిన చోటే ఒక్క క్షణం నిలబడి, మెల్లగా కిందికి జారే ఆ జారుడు మాత్రం పాతదే, ఆమెదే, పత్రికలవాళ్ళు పేజీలు పేజీలు రాసింది దాని గురించే. ఎవరో అనుకరిస్తే ఇలా ఉండదు. అనుకరణలో ఎక్కడో ఒకచోట వెటకారం తొంగిచూస్తుంది. ఇందులో వెటకారం లేదు. సొంత ఇంటి తాళం తీసి లోపలికి వెళ్తే, తన బట్టలే వేసుకుని తన మంచం మీద ఎవరో కూర్చుని తీరిగ్గా జుట్టు దువ్వుకుంటున్నట్టుంది. పాట టక్కున ఆగిపోయింది. చెవిలో సన్నటి బుస్సుమనే చప్పుడు మిగిలింది. గుండె మాత్రం ఆ తాళాన్నే పట్టుకుని కొట్టుకుంటోంది.

వెనకాల వదిన నోట్లో పిన్నులు పెట్టుకుని భుజం దగ్గర గుడ్డ సర్దుతోంది. ఆవిడకేమీ వినపడలేదు. అన్నయ్య పెళ్ళయిన నాటినుంచీ స్టేజీకి ముందు ఆమెను తయారుచేసేది ఆవిడే, కబుర్లు చెప్పేదీ ఆవిడే, రెండూ ఒకే చేత్తో చేస్తుంది. "ఏంటలా కొయ్యబారిపోయావ్? కాస్త పొట్ట లోపలికి లాగు, జిప్పు పట్టట్లేదు" అని, పిన్నుల మధ్యనుంచే నవ్వి, "నీ వీపుకి నేను జిప్పు వేస్తున్నా, నీ నోటికి మీ అన్నయ్య వేశాడు, ఇద్దరం కలిసి నిన్ను మూట కట్టేస్తున్నాం" అంది. రోజూ వినే జోకుల్లాంటిదే. ఇవాళ మాత్రం వీపు మీద ఆ జిప్పు పైకి పాకుతుంటే వెన్నులో చలి కూడా దాంతోపాటే పాకింది. మెడలో తాడుకి వేలాడే పలక తీసుకుంది. ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆమె నోరు ఈ పలకే. గొంతులో చిన్న కాయలాంటిది తీశారు, తీసిన చోటు మానేదాకా మాటే వద్దన్నారు, గుసగుస అసలే వద్దన్నారు, గుసగుస మాటకన్నా చెరుపు చేస్తుందట. ‘కొత్త పాట ఏదైనా ఉందా?’ అని రాసి అద్దంలో కనపడేలా ఎత్తింది. తిరగబడిన అక్షరాలు కూడబలుక్కుని చదువుతూ వదిన చెయ్యి ఆగింది. ఆగినట్టు తెలియకూడదని మళ్ళీ కదిలింది. మీ అన్నాచెల్లెళ్ళ పాటల గొడవ నాకెందుకు తల్లీ, నాకు పాటంటే తెలిసింది ఎప్పుడు లేచి నిలబడాలో, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో అంతవరకే అంది. అంటూ తలుపు వైపు చూసింది. ఆ చూపు ఆమెకు నచ్చలేదు. ఎవరైనా వస్తారేమోనన్న చూపు కాదది, ఎవరైనా విన్నారేమోనన్న చూపు.

ఇవాళ్టి సంగతి అందరూ కలిసి అనుకున్నదే, అందులో దాపరికం ఏమీ లేదు, కనీసం గోడల లోపల లేదు. బయట హాలు నిండుతోంది. ఆమె స్టేజీ ఎక్కాలి, తన పాత రికార్డింగులు నడుస్తుంటే పెదవులు ఆడించాలి, దండం పెట్టాలి, దిగిపోవాలి. మొదట్లో ఆమె ఒప్పుకోలేదు, పలక మీద ‘మోసం’ అని అంచులదాకా పట్టేంత పెద్దక్షరాలతో రాసి డైనింగ్ టేబుల్ మీద నిలబెట్టింది, అన్నం తింటున్నంతసేపూ అది అన్నయ్య కంచానికి ఎదురుగానే ఉంది. అన్నయ్య కోప్పడలేదు. ఆయన కోప్పడడు, అదే ఆయనతో కష్టం. పాడేది నీ గొంతే కదా, అబద్ధం ఎక్కడుంది అన్నాడు. రోజుకో కొత్త గొంతు పుట్టుకొస్తోంది, ఫోనులో వేలితో ఒక్క తోపు తోస్తే నువ్వు పోయి ఇంకొకరు వస్తారు, ఒక్క సీజన్ కనపడకపోతే ఆవిడ ఉందా ఇంకా అంటారు, ఆ మాట వాళ్ళ నోట రాకముందే ఒక్కసారి నిలబడు చాలు అన్నాడు. నిజమే అనిపించింది. రాత్రి పడుకుంటే తన పాటలన్నీ ఎక్కడో తనని వదిలేసి బతికేస్తున్నాయని, తను మాత్రం మంచం మీద మిగిలిపోయిన తొడుగులా ఉన్నానని అనిపించేది. సరే అని రాసింది. కానీ ఒప్పుకున్నది పాత పాటలకి. పాతవంటే తను నిలబడి, చెమటలు కక్కి, అన్నయ్య చేత చీవాట్లు తిని పాడినవి. ఈ నీడ పాట ఎక్కణ్ణించి వచ్చింది? నిద్రలో పాడిందా? మత్తుమందు ఇచ్చినప్పుడు పాడిందా? ఆపరేషన్ బల్ల మీద గొంతు కోసి తీసింది కాయనేనా, ఇంకేదైనా కూడానా? పిచ్చి ఆలోచన. పిచ్చిదని తెలిసినా వదలలేదు.

అసలు ఆ గొంతు తనకిప్పుడు ఉందో లేదో తనకే తెలియదు, భయమంతా అక్కడే ఉంది. డాక్టరు వేరే ఊళ్ళో ఉంటాడు. ముక్కులోంచి సన్నటి గొట్టం దించి ఫోటోలు తీసి, నింపాదిగా చూసి ఫోను చేస్తానంటాడు. ఫోనులో మాట్లాడాల్సింది మాట రానివాళ్ళు కాదు కదా, అన్నయ్యే మాట్లాడతాడు. వచ్చి చెబుతాడు. ఇంకొన్నాళ్ళు అంటాడు. ఎన్నాళ్ళని ఆమె పలక మీద రాస్తే, జవాబు చెప్పకుండా అరచేత్తో ఆ అక్షరాలు తుడిచేసి తల నిమురుతాడు. ఆ చెయ్యి ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఆమె చేసిన తప్పు ఒకటుంది, ఎవరికీ చెప్పలేదు. బాత్‌రూములో కొళాయి పూర్తిగా తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున, నోరు తెరవకుండా, ఒకే ఒక్క స్వరాన్ని ముక్కులోనే పలికించేది. వచ్చేది. సన్నగా, మంచులో తడిసినట్టు, కానీ వచ్చేది. వచ్చిందన్న సంతోషం అరక్షణం, మానుతున్న పుండుని గోటితో గీకానేమోనన్న దడ రోజంతా. ఇక చెయ్యకూడదని ఒట్టు పెట్టుకునేది, మళ్ళీ చేసేది. నా చేతులారా నేనే చెడగొట్టుకుంటున్నాను, అందుకే డాక్టరు ఇంకా వద్దంటున్నాడు అనుకుని, అన్నయ్య మొహం చూడటానికి సిగ్గుపడేది.

వదిన చివరి పిన్ను గుచ్చి, బయట కుర్చీలో కాసేపు నడుం వాలుస్తానని వెళ్ళగానే ఆమె లేచింది. కాళ్ళు తేలికగా ఉన్నాయి, జ్వరంలో ఉన్నట్టు. సన్నటి వసారా, గోడ పొడవునా తాళ్ళలా వైర్లు, తెరిచి పెట్టిన ఖాళీ పెట్టెలు, పెట్టెల్లో వాయిద్యం ఆకారంలో తవ్విన నల్లటి గుంటలు. ఇదివరకు ఎన్నోసార్లు చూసినవే, ఎప్పుడూ శవపేటికల్లా కనపడలేదు. మలుపులో కోరస్ అమ్మాయి గోడకి ఆనుకుని గొంతు సవరించుకుంటోంది. ఆ అమ్మాయిని అందరూ జిరాక్స్ అంటారు. టీ తాగేటప్పుడు గ్లాసు మైకులా పట్టుకుని ఆమెలా కళ్ళు అరమూసి, ఆమెలా ‘నీడ’నో ‘జాడ’నో సాగదీసి జారవిడిస్తే గుంపంతా పొట్టలు పట్టుకునేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది, నవ్వుతూ లోపల ఎక్కడో చురుక్కుమనేది. ఇప్పుడు ఆ చురుకే కత్తయి లేచింది. ఇదే. ఈ పిల్లే. నేను ఇంట్లో పలక తుడుచుకుంటుంటే ఇది స్టూడియోలో నా కుర్చీలో కూర్చుంది. జిరాక్స్ ఆమెను చూసి గబుక్కున చేతులు కట్టుకుంది, బాగున్నారా అక్కా అంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మీరు లేకుండా వెనక నిలబడి పాడుతుంటే వెనక ఆసరా లేని కుర్చీలో కూర్చున్నట్టుంది అంది. నటనా? నటనైతే ఈ పిల్ల పాటలు మాని నాటకాల్లో చేరాలి. జిరాక్స్ మళ్ళీ స్వరం అందుకుంది. అందుకునే ముందు గాలి పీల్చింది. గుటుక్కున, నోటితోనే, నీళ్ళలో మునిగేవాళ్ళలా ఒక్క మింగు. ఆ చప్పుడు వినగానే ఆమె నడక ఆగింది. ఏదో గుర్తొచ్చింది, చేతికి అందినట్టే అంది జారిపోయింది. ఇందాక చెవిలో విన్న పాటలో ఇలాంటి మింగుడు లేదు. మరేముంది? ఏదో ఉంది. పాట మొదలయ్యే ముందు, మొదటి మాటకి ఇవతల, ఏదో ఉంది.

స్టేజీ పక్కన తెరచాటున బల్లంత బోర్డు ముందు కూర్చున్న సౌండ్ ఇంజనీరుని సైలెన్స్ అని పిలుస్తారు, పొద్దస్తమానం చప్పుడుతో కాపురం చేస్తూ నోరు తెరిస్తే ఆ ఒక్క మాటే అంటాడని. తలెత్తి ఆమెను చూడగానే నాలుక కరుచుకున్నాడు. ఇందాక మీ చెవిలోకి ఏదైనా వచ్చిందా మేడమ్, తప్పు నాదే, ఆఖర్న వెయ్యాల్సింది మీ లైన్లోకి తోసేశాను అన్నాడు. ఆమె పలక మీద రాసింది: ‘ఎవరిచ్చారు?’ సైలెన్స్ అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. సార్, అదే మీ అన్నయ్యగారే ఇచ్చారు కదా, మీరు ఇంట్లోనే మెల్లగా అరగొంతుతో పాడారట కదా, ప్రోగ్రాం అయ్యాక లైట్లన్నీ ఆర్పి చీకట్లో ఈ పాట వేస్తే హాలు హాలంతా ఏడవాలన్నారు, మీక్కూడా చెప్పద్దన్నారు, ఎలా వచ్చిందో మీరు కూడా జనంతోపాటే వినాలట. ఆమె రాసిన అక్షరాలు వంకర పోయాయి: ‘గొంతొక్కటే వినిపించు.’ అతను వాయిద్యాలన్నీ కిందికి లాగుతూ, గొణుక్కుంటున్నట్టు చెప్పిన మాటల మీద ఆమె చెవులు నిలబడిపోయాయి.

"మామూలుగా అయితే ఊపిర్లన్నీ నేనే కత్తిరించి పారేస్తాను మేడమ్. సార్ ఒక్కటి కూడా తియ్యనివ్వలేదు. ఊపిరి తీసేస్తే పాట శవం అవుతుందన్నారు."

గొంతొక్కటే విప్పితే అది బట్టల్లేని మనిషిలా సిగ్గు సిగ్గుగా నిలబడింది. ఆమె కళ్ళు మూసుకుంది. పాట వినలేదు, పాటని దాటిపోనిచ్చి, లైనుకి లైనుకి మధ్య ఉన్న ఖాళీలని వింది. అక్కడుంది. ముందు ముక్కుతో సగం గాలి, అదీ ఒక పక్కనుంచే, సన్నటి ఈలలా. అది చాలక, చివర్లో నాలుక అంగిట్నుంచి విడిపోతున్న చిన్న తడి చప్పుడు, ఆ వెంటనే నోటితో మిగతా సగం. రెండు ముక్కల ఊపిరి. ప్రతి లైనుకి ముందు. గొంతు ఆమెది, ఊపిరి ఆమెది కాదు. ఈమధ్య లోకమంతా చెప్పుకుంటున్న ఆ విద్య సంగతి ఆమెకూ తెలుసు: ఒకరు పాడతారు, ఆ పాట మీద ఏఐ ఇంకొకరి గొంతు తొడుగుతుంది, చేతికి గ్లౌజు తొడిగినట్టు. ఎత్తు, వంపు, జారుడు అన్నీ మార్చేస్తుంది. కానీ ఊపిరి దాని దృష్టిలో గొంతు కాదు, తొడగడానికి అక్కడ దానికేమీ దొరకదు, పాడినవాళ్ళ ఊపిరిని ఉన్నదున్నట్టే వదిలేస్తుంది. దొంగ ఎవరైనా ఆ ఊపిర్లని కత్తిరించేస్తాడు. కత్తిరించడానికి చెయ్యి రానివాడు, ఊపిరిని పాటకన్నా ఎక్కువ ప్రేమించేవాడు, ఈ భూమ్మీద ఆమెకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. సైలెన్స్ ఏదో అడుగుతున్నాడు, బాగుందా మేడమ్ అనేమో, ఆమె తలూపింది, పలక వెనక్కి తిప్పి గుండెకి ఆనించుకుంది, వెనక్కి నడిచింది.

ఇక్కడ పీల్చు, ఇక్కడ కాదు. వీపు మీద అన్నయ్య అరచెయ్యి, పక్కటెముకల దగ్గర, ఎప్పుడూ వెచ్చగా. ఆమె ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల. నాలా పీల్చకు పిట్టా, నాది వంకర ఊపిరి, నువ్వు తిన్నగా పీల్చు. ఆయన ముక్కెముక వంగిన కథ ఇంట్లో పైకి ఎవరూ అనరు, అందరికీ తెలుసు. చిన్నప్పుడు ఆయన నాటక కంపెనీలో పాటల పిల్లాడు, ఆయన గొంతు కోసం టిక్కెట్లు తెగేవట, జనం భుజాల మీద ఊరేగించేవాళ్ళట. ఒక సాయంత్రం నిండు హాలులో, పాట నడిమధ్యలో, గొంతు మారింది. మారడమంటే మెల్లగా కాదు, గాజు గ్లాసు జారినట్టు, ఒక మాట మగపిల్లాడిది, తర్వాతి మాట ఎవరిదో తెలియనిది. హాలంతా గొల్లున నవ్వింది. ఆయన చీకట్లో వెనక్కి పరిగెత్తి ఇనప స్తంభానికి కొట్టుకుని పడ్డాడు. ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. గొంతు అసలే అతకలేదు. ఎన్నో రోజులు మాట్లాడలేదట. తర్వాత ఒకనాడు, మూల కూర్చుని బొమ్మకి పాట పాడుకుంటున్న చెల్లెలి వైపు తిరిగాడు. ఆ తిరగడం ఆమెకు గుర్తుంది, నిజంగా గుర్తుందో అమ్మ చెప్పగా చెప్పగా గుర్తైందో తెలియదు, కానీ ఆ కళ్ళు గుర్తున్నాయి, దాహమేసినవాడు నీళ్ళ కుండని చూసినట్టు. అప్పట్నుంచీ ఆయన బాణీ కట్టడం, ముందు ఆడగొంతులా సన్నగా పెట్టిన దొంగగొంతుతో పాడి వినిపించడం, అది విని ఆమె పాడటం. అలా పుట్టినవే పాటలన్నీ. తను ఆయన చెల్లెలినా, ఆయన గొంతునా అని ఇదివరకు ఎప్పుడూ అడుక్కోలేదు. అడుక్కోవాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే రెండూ ఒకటే అనుకుంది, ప్రేమంటే అదే అనుకుంది.

గదిలో అద్దం ముందు మళ్ళీ కూర్చుంది. బల్బుల వేడికి నుదురు చెమ్మగిల్లింది. ఒకటి తెలిస్తే దాని వెనక ఇంకొకటి, చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నిలబడ్డట్టు, వస్తున్నాయి. పోయినేడాది పాట. అందరూ ఆకాశానికెత్తిన చివరి చరణం. అప్పుడామెకు గొంతు బొంగురుపోయి, జ్వరం కాసి, ఆ చరణం పాడినట్టే గుర్తులేదు. వినిపిస్తే, ఇలా పాడానా నేను అని ఆశ్చర్యపోయింది. జ్వరంలో పదిసార్లు పాడావు, మంచి ముక్కలన్నీ ఏరి అతికాను అన్నాడు అన్నయ్య. ఆమె నమ్మింది. నమ్మకపోవడానికి ఏముంది, ఆయన చెప్పాడు. ఆ చరణంలో కూడా ఊపిర్లున్నాయా? ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే ఉన్నాయి, సన్నటి ఈల, తడి చప్పుడు, ఉన్నాయేమో, లేవేమో. అంటే ఇది జబ్బు తర్వాత మొదలైంది కాదు. జబ్బు కన్నా ముందే ఎవరో ఇంట్లో దూరారు. మరి జబ్బు తర్వాత... ఆ ఆలోచన ఇంకా మాటగా మారలేదు, చల్లగా కాళ్ళ దగ్గర తిరుగుతోంది. డాక్టరు ఫోను. అన్నయ్య మాట. తుడిచేసిన పలక. కొళాయి కింద రోజూ వస్తూనే ఉన్న ఆ స్వరం. రోజురోజుకీ కాస్త బలంగానే వచ్చింది కదా? చెడిపోతున్న గొంతు బలంగా ఎందుకొస్తుంది?

తలుపు తీసుకుని అన్నయ్య వచ్చాడు. చేతిలో వేడినీళ్ళ గ్లాసు, దాని మీద మూతగా సాసరు. మూడొంతులు నెరిసిన తల, చెల్లెలికి ప్రోగ్రాం ఉందంటే తొడుక్కునే అదే బూడిద రంగు చొక్కా. టైమవుతోంది పిట్టా, హాలు కిక్కిరిసిపోయింది, వెనక మెట్ల మీద కూడా నిలబడ్డారు అన్నాడు. గ్లాసు పెట్టాడు. ఆమె భుజం మీద నూలుపోగుంటే తీసేశాడు. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు ఆయన ఊపిరి ఎప్పుడూ వినపడేదే, గోడ గడియారంలా, వినీ వినీ వినడం మానేసిన చప్పుడు. సన్నటి ఈల. తడి చప్పుడు. ఆమె పలక అందుకోబోయింది. చెయ్యి సగంలో ఆగింది. ఈ ఒక్క ప్రశ్న ఆయన అరచెయ్యి తుడిచేయలేని దాంతో అడగాలి. పోతే పోతుంది. ఉన్నదో లేదో తెలియని దాన్ని కాపాడుకుంటూ ఇంకెన్నాళ్ళు. నోరు తెరిచింది.

"ఆ ఊపిరి నీదే కదా అన్నయ్యా."

మొదటి అక్షరం తుప్పు పట్టిన గొళ్ళెంలా కీచుమంది. తర్వాతవి రాలేదు, ప్రవహించాయి. వెడల్పుగా, వెచ్చగా, ఏ గరుకూ లేకుండా గది గోడలు తాకి వెనక్కి వచ్చాయి. మళ్ళీ మాట్లాడిన రోజున అన్నయ్య ఏడుస్తాడని, తనని ఎత్తుకుని తిప్పుతాడని ఎన్నిసార్లు ఊహించుకుందో. ఆయన మొహంలో రక్తం దిగిపోయింది. ఆమె కళ్ళలోకి చూడలేదు, గొంతు వైపు చూశాడు, తాళం వేసొచ్చిన తలుపు తెరుచుకుని ఉంటే చూసినట్టు. మాట్లాడకు అన్నాడు అలవాటుకొద్దీ. ఆమె ఆయన కళ్ళలో చూసింది, అక్కడ ఉన్నది భయం. అది చూశాక ఇక అడగడానికి ఒక్కటే మిగిలింది.

"డాక్టరు నిజంగా ఏమన్నాడో చెప్పు."

బయట జనం ఆమె పేరు పట్టి పిలుస్తున్నారు, కాళ్ళు నేలకేసి కొడుతున్నారు, అద్దం చుట్టూ బల్బులు అదురుతున్నాయి. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదలుపెట్టినప్పుడు ఎవరికో పాట నేర్పుతున్నట్టు, మెల్లగా, స్పష్టంగా చెప్పాడు.

"నీ గొంతు తీసుకోవాలని మొదలుపెట్టలేదు పిట్టా. పోయినేడాది నీకు జ్వరం, చివరి చరణం మిగిలిపోయింది, రిలీజు నెత్తిమీదుంది. ఒక్క లైను నేను పాడి నీ గొంతు తొడిగాను. అతుకు తెలియలేదు. ఇంకో లైను చేశాను. తెల్లారేసరికి చరణమంతా అయిపోయింది. నీకు చెబుదామనే అనుకున్నాను. ఈలోపు జనం ఆ చరణం గురించే మాట్లాడటం మొదలెట్టారు. ఒకావిడ వచ్చి నీ చేతులు పట్టుకుని ఏడ్చింది చూడు, ఈ చరణం నన్ను బతికించిందమ్మా అని. నేను పక్కన నీ సంచీ పట్టుకుని నిలబడ్డాను. ఆవిణ్ణి బతికించింది నేను. అది నాకొక్కడికే తెలుసు. చిన్నప్పుడు హాలంతా నవ్విన తర్వాత, నేను పాడితే ఒకరు ఏడవటం అదే మొదలు. నీకు జబ్బు రావాలని నేను కోరుకోలేదు. ఆపరేషన్ రోజు నేను పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, మీ వదిన్ని అడుగు. మానాలనే కోరుకున్నాను. మానింది. డాక్టరు ఫోను చేసి, పూర్తిగా మానింది, రోజూ కాస్త కాస్త పాడించండి, పాడించకపోతేనే బిగుసుకుపోతుంది అన్నాడు. సరేనండీ అన్నాను. నీ గదిలోకి వచ్చాను, నువ్వు పలక పట్టుకుని చూస్తున్నావు, ఇంకా వద్దన్నాడని చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. రేపు నిజం చెప్పేద్దాం, ఈ పాటొక్కటి పూర్తి చేసుకుని చెప్పేద్దాం అనుకున్నాను. పాట పూర్తయింది, ఇంకోటి మొదలెట్టాను. నువ్వు బాత్‌రూములో కొళాయి తిప్పి పాడుకోవడం కూడా విన్నాను. తలుపు బయట నిలబడి విన్నాను. ఎంత బాగుందో తెలుసా? విని, ఇంకెన్నాళ్ళు ఆపగలనా అని లెక్కేసుకున్నాను. అందరూ నన్ను త్యాగమూర్తి అంటారు, చెల్లెలి కోసం బతికాడంటారు. ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నా. నీ గొంతు బాగైందని ఫోను వచ్చిన రోజు నేను మేడ మీదికెళ్ళి ఏడ్చాను. సంతోషంతో కాదు."